చిల్లగింజ పేరు చెప్పిన నీరు తేరునా?

మట్టికుండ లోపలి గోడకు చిల్లగింజను నాలుగు చుట్లు అరగదీసి, వానకాలపు వాగునుండి తెచ్చిన ఎఱ్ఱనీటిని అందులో పోసి, రాత్రి మూతవేసి యుంచినచో, తెల్లవాఱుసరికి మన్నంతయు అడుగున దిగి పైనీరు తేటపడుట మన అవ్వలెఱిగిన విద్య. ఆ విద్యనుండి పూర్వులొక నీతినిగూడ తీసిరి: చిల్లగింజ నీటిని తేర్చుట నిజమే యైనను, దాని పేరు పలికినంతమాత్రమున ఏ కుండలోని నీరును తేరదు. వేషము ధర్మము కాదని చెప్పుటకై వారు వాడిన యీ పోలిక, మురుగునీటి శుద్ధిని గూర్చి నేడు పాలకులును, భూవ్యాపారులును, చదువుకొన్నవారిలో పెక్కురును ఏకకంఠముగ పలుకుచున్న పలుకులకు మిక్కిలి చక్కగ అతుకుచున్నది.

ఆ పలుకులను ముందుగ ఉన్నవి ఉన్నట్లు చెప్పెదను. ఎదుటివాని వాదమును కుదించి చెప్పి గెలుచుట గెలుపు కాదు. అందులకు ఆ పలుకులు పుట్టిన చోటును మొదట చూపవలెను. హైదరాబాదునుండి బీజాపూరునకు పోవు త్రోవలో, ముదిమఱ్ఱుల నీడలను దాటుచు మొయినాబాదు మీదుగ చేవెళ్ళకు పోవునపుడు నడుమ వచ్చు ఊరు కనకమామిడి. ఈ చుట్టుపట్ల మెట్టలపై కురిసిన వాన ఒక ప్రక్క మూసీకిని, మఱియొక ప్రక్క ఈసీకిని దిగి, తుదకు గండిపేట ఉస్మాన్‌సాగర్‌లోనో హిమాయత్‌సాగర్‌లోనో చేరును. ఆ రెండు చెఱువుల నీటిని కాపాడుటకే 1996 మార్చి 8న వెలువడిన 111వ జీవో, 84 గ్రామములలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాసపు కాలనీలను నిషేధించినది. 2022 ఏప్రిల్ 12న వెలువడిన 69వ జీవో ఆ ఆంక్షలను తొలగించుచు, జలాశయముల నీటి నాణ్యతకు ఏ విధముగను భంగము కలుగరాదని నియమము పెట్టి, అందులకు ఉపాయముగ మురుగుశుద్ధి కేంద్రములను, శుద్ధజలమును మళ్ళించు కాలువలను సూచించినది.

నాటినుండి వినవచ్చు వాదమిది: "ప్రతి కాలనీకి ఒక ఎస్టీపీ, అనగా మురుగుశుద్ధి కేంద్రము, కట్టుదుము; బీఓడీ ప్రమాణమునకు లోబడును; చివర క్లోరిన్ వేయుదుము, క్రిములు చచ్చును; అట్టి నీరు చెఱువులో కలిసినను కలియకున్నను నష్టమేమి? పైగా ఆ చెఱువులు నేడు నగరమునకు 1.25 శాతము నీరైనను ఈయవు. ఇంతకు మించిన శుద్ధి కోరుట ధనికదేశముల విలాసము." ఈ వాదములోని ప్రతి పాదమును పరీక్షింపవలసి యున్నది.

మొదట క్లోరిన్ మాట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినది. ఆ విపత్తు పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలపై 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీమీద హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. ఆ వరదకు సరిగ్గ రెండు దినములు ముందు, సెప్టెంబరు 26న, అమెరికాలోని జెర్సీ నగరమునకు నీరు పంపు బూంటన్ జలాశయమువద్ద జాన్ లీల్ అను వైద్యుడు నీటిలో క్లోరిన్ కలుపుట ఆరంభించెను. మన చెఱువుల కథకు మూలమైన ఘటనయు, క్లోరిన్ కథలో ముఖ్యమైన ఘటనయు రెండు దినముల ఎడముతో జరిగినవి. కలరా, టైఫాయిడ్ జ్వరములను పట్టణముల పొలిమేర దాటించిన ఘనతలో క్లోరిన్ భాగము అపారము. కనుక "క్లోరిన్ విషము, దానిని మానుడు" అని కేకలువేయు మఱియొక పక్షమువారితో నాకు పొత్తు లేదు. క్రిమి నేడే చంపును. నేను చెప్పబోవు దోషము ఏండ్లమీద పనిచేయును. రెంటిలో మొదటిదానిని విడిచి రెండవదానిని పట్టుకొనువాడు వైద్యుడు కాడు.

అయినను క్లోరిన్ క్రిములను మాత్రమే వెదకికొని పోవు బాణము కాదు. నీటిలో కరగియున్న సేంద్రియపదార్థము ఏదైనను దానికి ఎరయే. 1974లో హాలండు దేశపు రాటర్‌డామ్ జలసరఫరా ప్రయోగశాలలో యొహానెస్ రూక్ అను రసాయనజ్ఞుడు, క్లోరిన్ వేయకముందు నీటిలో లేని క్లోరోఫారము క్లోరిన్ వేసిన పిదప కనబడుచున్నదని గుర్తించి, ఆకులలములు కుళ్ళగా నీటిలో చేరిన హ్యూమిక పదార్థమే దానికి జనకమని తేల్చెను. ఆ యేడే అమెరికాలోని పరిశోధకులును అదే కనుగొనిరి. క్లోరోఫారమును, బ్రోమైడు తోడైనపుడు పుట్టు దాని సోదరులును కలిసి ట్రైహాలోమీథేనులు. వీనివెంట హాలో అసిటిక్ ఆమ్లములు, నత్రజని చేరినచో హాలో అసిటోనైట్రైలులు, అమోనియా మిగిలి క్లోరమిన్ ఏర్పడిన చోట ఎన్‌డీఎంఏ మొదలగు నైట్రోసమిన్‌లు పుట్టుచుండును. క్లోరోఫారమును మనుష్యులలో క్యాన్సరు కలిగింపవచ్చునను వర్గములోను, ఎన్‌డీఎంఏను అంతకంటె పై మెట్టున, కలిగించు సంభావ్యత గలదను వర్గములోను అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ చేర్చియున్నది. దశాబ్దములపాటు ఇట్టి నీరు త్రాగినవారిలో మూత్రాశయపు క్యాన్సరుతో దీనికి సంబంధము పెక్కు పరిశీలనలలో కనబడినది. ఇది భయపెట్టుటకు చెప్పుట కాదు. ప్రపంచారోగ్యసంస్థ ఎన్‌డీఎంఏకు లీటరునకు 100 నానోగ్రాముల హద్దు గీచుటకు కారణమేమో తెలియుటకు చెప్పుట.

ఇక్కడ తెలివైన ప్రతిపక్షి అడుగును: "జనకపదార్థము మామిడాకు రాలిన ప్రతి కుంటలోను ఉన్నదిగదా, మా ఎస్టీపీనే తప్పుపట్టనేల?" ప్రశ్న మంచిదే, సమాధానమంతకంటె ముఖ్యమైనది. ఆకు కుళ్ళగా పుట్టిన పదార్థములో పెద్దభాగము స్థూలాణువులు. పటిక వేసిన గడ్డకట్టి దిగును. మన చిల్లగింజ చేయు పనియు ఆ జాతిదే. మురుగునుండి వచ్చు శేషము వేఱు. అందులో మాంసకృత్తుల తునకలు, అమీనులు, సబ్బుల శకలములు, మందుబిళ్ళల అవశేషములు కలవు. కడుపుమంటకు మనవారు చప్పరించునంత తేలికగ మ్రింగు రానిటిడిన్ మాత్ర, క్లోరమిన్‌తో కూడి ఎన్‌డీఎంఏనిచ్చు ద్రవ్యములలో అగ్రగణ్యమని ప్రయోగశాలలు తేల్చినవి. అంతకంటె విచిత్రమొకటి కలదు: మురుగును తినివేసి నీటిని బాగుచేయు సూక్ష్మజీవులే, తిన్న పిదప తమ ఎంగిలిని, తమ కళేబరముల సారమును నీటిలో విడిచిపోవును. అనగా జనకద్రవ్యములలో కొంతభాగము మురుగుతో వచ్చినది కాదు, శుద్ధిచేయుచుండగనే పుట్టినది. ఈ పదార్థము చిన్నది, నీటితో చెలిమిగలది, నత్రజనిభరితము. పటికకు తేలికగ లొంగదు. దీనినుండి పుట్టు నత్రజనిసహిత ఉపోత్పన్నములు సామాన్యముగ మిగిలినవానికంటె కణములకు తీవ్రతరములు.

దీనినొక్కసారి కన్నులార చూతము. ఆ చేవెళ్ళ త్రోవప్రక్క నివాససముదాయములలో ఒకదాని శుద్ధికేంద్రమునకు మిత్రునితో పోయితిని. దాని పేరు ఇక్కడ అక్కఱలేదు. గాలితొట్టెలో ప్లాస్టిక్ చక్రములు సుడులు తిరుగుచుండెను; చివరి తొట్టెపై తలక్రిందులుగ కట్టిన నీలపు డబ్బానుండి హైపోక్లోరైటు బొట్టుబొట్టుగ కాఱుచుండెను. అక్కడ పనిచేయు కుఱ్ఱవాడు గాజునాళికలో ఆ నీరు పట్టి రెండు బొట్లు మందు వేసెను. నీరు పసుపువన్నెకు తిరిగెను. "క్లోరిన్ ఉన్నది సార్, నీళ్లు మంచిగనే ఉన్నయి" అని అతడు సంతోషముగ నాళికను ఎత్తి చూపెను. మందు వేయని నీటిని మఱియొక గ్లాసులో పట్టి తెల్లకాగితమునకు ఎదురుగ ఉంచితిని. బురద లేదు, నలక లేదు. కాని పలుచని తేనీటివన్నె మాత్రము అడుగువఱకు నిండియుండెను. ఆ వన్నెయే కరగియున్న సేంద్రియపదార్థము. కుఱ్ఱవాని నాళికలోని పసుపు క్లోరిన్ మిగిలియున్నదని మాత్రము సాక్ష్యమిచ్చును. ఖర్చైన క్లోరిన్ దేనితో కలిసి ఏమైనదో ఆ సాక్షి ఎఱుగడు. తప్పు కుఱ్ఱవానిది కాదు. అతని బల్లమీది పుస్తకమును తిరుగవేసి చూచితిని: పీహెచ్, బీఓడీ, సీఓడీ, తేలు మలినములు, క్లోరిన్ అను గడులు శ్రద్ధగ నింపబడియున్నవి. కరగిన కర్బనమునకు గడి లేదు.

ఇదియే రెండవ పాదము: ప్రమాణముల మాట. బీఓడీ యనగా, మన దేశపు పద్ధతిలో, 27 డిగ్రీల వెచ్చదనములో మూడు దినములలో సూక్ష్మజీవులు నీటిలోని మలినమును తినుటకు వాడుకొన్న ఆమ్లజని కొలత. అది తినదగినదానిని కొలుచును. తినక విడిచినదానిని కొలువదు. మన జనకద్రవ్యములలో పెద్దభాగము అట్లు తినక విడిచినదే. విస్తరిలో మిగిలినదేమో తెలియుటకు తిన్నదానిని లెక్కించినట్లున్నది ఈ పరీక్ష. 2017 అక్టోబరులో కేంద్రప్రభుత్వము మహానగరముల శుద్ధికేంద్రములకు బీఓడీ 20 మిల్లీగ్రాములని నిర్ణయింపగ, 2019 ఏప్రిల్ 30న జాతీయ హరితన్యాయస్థానము దానిని 10కి దించి, సీఓడీ, నత్రజని, భాస్వరములకును హద్దులు విధించినది. ఇది హర్షింపదగిన అడుగు. కాని బీఓడీ 10కి దిగిన నీటిలోను లీటరునకు 5 నుండి 10 మిల్లీగ్రాముల కరగిన కర్బనము మిగిలియుండుట సాధారణము. దానికిగాని, క్లోరిన్ తగిలినపుడు అది పుట్టింపగల ఉపోత్పన్నముల శక్తికిగాని ఏ హద్దును లేదు. త్రాగునీటి వైపు చూచినను ఇంతే. మన ఐఎస్ 10500 ప్రమాణము క్లోరోఫారమునకు లీటరునకు 0.2 మిల్లీగ్రాములని, బ్రోమోడైక్లోరోమీథేనునకు 0.06 అని హద్దు చెప్పినదిగాని, హాలో అసిటిక్ ఆమ్లములను, నైట్రోసమిన్‌లను పేర్కొనలేదు. అమెరికావారు ట్రైహాలోమీథేనులన్నిటికి కలిపి 80 మైక్రోగ్రాములు, అయిదు హాలో అసిటిక్ ఆమ్లములకు కలిపి 60 అని గీచుకొన్నారు. "ప్రమాణమునకు లోబడినది" అనునపుడు, ఏ ప్రశ్న అడుగబడలేదో ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్లు ఛాతీ విరుచుకొనరాదు.

వాదము నిలువదని తోచినపుడు కొందఱు త్రోవ మార్చి, "క్లోరిన్ మానివేసి అతినీలలోహిత దీపములు పెట్టుదుము" అందురు. మంచిదే, ఎస్టీపీ ద్వారముకడ ఉపోత్పన్నము పుట్టదు. కాని జనకద్రవ్యము చెక్కుచెదరక చెఱువులో దిగును. చెఱువునుండి వడపోత కేంద్రమునకు పోయి, అక్కడ కాచుకొనియున్న క్లోరిన్‌ను కలిసికొనును. పెండ్లి ఆగలేదు, వేదిక మాఱినది. మఱికొందఱు అమోనియాను పూర్తిగ తీయక, క్లోరమిన్ ఏర్పడనిచ్చి, "చూడుడు, క్లోరోఫారము తగ్గినది" అందురు. తగ్గిన మాట నిజమే, దాని చోట ఎన్‌డీఎంఏకు దారి తెఱవబడినది, క్రిములను చంపు శక్తియు సన్నగిల్లినది. ఇంకొందఱు "ఇంట మఱగించుకొనుడు" అందురు. క్లోరోఫారము ఆవిరియై పోవచ్చునుగాని హాలో అసిటిక్ ఆమ్లములలో కొన్ని గిన్నెలోనే నిలుచును. ఇంటింట ఆర్వో యంత్రమన్నచో, యంత్రము కొనలేనివాని గొంతు గొంతు కాదనుటయే.

మూడవ పాదము ఆ 1.25 శాతము. నగరము పెరిగి, కృష్ణానీటిని వందకు పైబడిన కిలోమీటర్ల దూరమునుండి ఎత్తిపోసికొని, మంజీర, గోదావరులను తెచ్చికొనినందున భాగహారములో హారము పెరిగినదిగాని, 3.9 టీఎంసీల ఉస్మాన్‌సాగర్, 2.97 టీఎంసీల హిమాయత్‌సాగర్ చిన్నవి కాలేదు. నగరజనము కోటి యనుకొన్నను ఆ శాతము లక్షకు పైబడిన గొంతులు. ఎత్తిపోతలకు విద్యుత్తు ఆగినను గండిపేటనీరు పల్లమునకు తానే దిగివచ్చును; ఆపద్ధనమును నిత్యవ్యయములో వాటా చూచి పాఱవేయువాడు గృహస్థు కాడు.

"కాలువలు త్రవ్వి శుద్ధజలమును చెఱువులకు తగులకుండ దిగువకు పంపుదుము" అను సమాధానము మఱింత ఆలోచింపదగినది. చెఱువు తప్పినంతమాత్రమున నీరు మాయమగునా? అది మూసీలోనే దిగును; అంబర్‌పేటలోని దినమునకు 339 మిలియన్ లీటర్ల కేంద్రము మొదలు నగరపు కేంద్రములు విడుచు నీటితో కూడి, నల్గొండ వరిచేలను తడిపి, వాడపల్లివద్ద కృష్ణలో కలియును. అక్కడినుండి పులిచింతల, ఆపైన ప్రకాశం బ్యారేజి, దాని చెంత కృష్ణనే నమ్ముకొని క్లోరిన్ వేసికొని త్రాగు బెజవాడ. దారిలో నది కొంత తనను తాను కడుగుకొనును, కాదనను. కాని సూక్ష్మజీవులు తినక విడిచినది నదిలోను తేలికగ తఱుగదు. మన ముంగిలి ఊడ్చి పొరుగువాని గడపలో పోయుటను శుద్ధి యనరు. ఈ నగరము పైనున్నవారికి దిగువవాడు, దిగువనున్నవారికి పైవాడు. ఏ కాలువ త్రవ్వినను ఈ చుట్టఱికము తెగదు.

ఇక చివరి పాదము, ధనికదేశముల విలాసమను మాట. ఆఫ్రికాలోని ఎడారిదేశమైన నమీబియా రాజధాని విండ్హోక్, 1968లోనే, గోరెయంగాబ్ కేంద్రమున నగరపు మురుగును త్రాగునీరుగ మార్చుట ఆరంభించినది; 2002లో నిర్మించిన కొత్త కేంద్రమున ఓజోను, జీవక్రియాశీల కర్బనము, గుళికల కర్బనము, పొరవడపోత వరుసలుగ నిలిచి, క్లోరిన్ వాని వెనుక వచ్చును. విలాసముకొఱకు కాదు, వానలు లేక. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ 2008నుండి తిరోగామి ద్రవాభిసరణమునకు (ఆర్వో) పిదప అతినీలలోహితకాంతిని హైడ్రోజన్ పెరాక్సైడుతో జతపఱచుచున్నది. ఎన్‌డీఎంఏ ఆ సన్నని పొరనుగూడ కొంత దాటివచ్చునుగనుక. ఈ రెంటిలో మనకు తగినది మొదటిది. రెండవదానిలో ఉప్పుతో చిక్కనైన తిరస్కృతజలము మిగులును. తీరనగరమైనచో సముద్రమునకు పంపవచ్చును, మన పీఠభూమిలో దానిని ఎక్కడ పోయవలెను?

ఆ మొదటి త్రోవలోని పనిని కొంత వివరింతును. అమోనియాను సంపూర్ణముగ నైట్రేటుగ మార్చుట మొదటి మెట్టు. పటికనో ఇనుపలవణమునో, నీటి పీహెచ్‌ను కొంత దించి, మామూలుకంటె హెచ్చుగ వేసి స్థూలాణువులను గడ్డకట్టించుట రెండవది. మిగిలిన మొండిపదార్థమును ఓజోను తునియలుచేయును. ఆ తునియలను, కర్బనపు గుళికలపై కాపురముండు సూక్ష్మజీవులు తినివేయును. ఓజోను వేయునపుడు నీటిలో బ్రోమైడు మిక్కుటమైనచో బ్రోమేటు పుట్టును. దానికి ప్రపంచారోగ్యసంస్థ పెట్టిన 10 మైక్రోగ్రాముల హద్దును కనిపెట్టి యుండవలెను. ఇవన్నియు ముగిసిన పిదపనే క్లోరిన్. అప్పుడు దానికి ఎర తక్కువ. కొద్దిమోతాదుతోనే క్రిములు చచ్చును. క్రియాశీల కర్బనము మనకు పరాయిది కాదు. కొబ్బరిచిప్పలను కాల్చి దక్షిణదేశమున విస్తారముగ చేయుచున్న సరకు అది. పైగా ఈ ఖర్చు దేశములోని ప్రతి కేంద్రమునకు పెట్టుమని నేననుట లేదు. మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతపు పూలతోటలకు, పచ్చికకు పాఱించు నీటికి ఇది అక్కఱలేదు. త్రాగునీటి పరీవాహములోనికి, త్రాగు నదిలోనికి నోరు తెఱచియున్న కేంద్రములకే కోరుచున్నాను. ఆ ఖర్చు భరింపలేనిచో ఆ చోట కాలనీ కట్టకుండుట అన్నిటికంటె చవుక. 111వ జీవో చెప్పినదియు అంతకంటె వేఱు కాదు.

"అపాయము ఋజువుచేయుడు, పిదప చూతము" అను తుదిమాట యొకటి మిగిలినది. దీనికి ప్రత్యుత్తరము నేను చెప్పనక్కఱలేదు. ఈ చెఱువుల విషయముననే సర్వోన్నత న్యాయస్థానము చెప్పియున్నది. చెఱువులనుండి పది కిలోమీటర్ల హద్దులో ఒక నూనెల కర్మాగారమును అనుమతింపవచ్చునా యను వివాదమున, ఆంధ్రప్రదేశ్ కాలుష్యనియంత్రణ మండలికిని ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుగారికిని నడుమ నడచిన వ్యాజ్యములో, 1999 జనవరి 27 నాటి తీర్పున న్యాయమూర్తి ఎం. జగన్నాథరావుగారు ముందుజాగ్రత్త సూత్రమును విశదీకరించి, ఋజువుభారము ఉన్న స్థితిని మార్పఁబూనినవానిపైనే పడునని నిరూపించిరి. 2000 డిసెంబరు 1న న్యాయస్థానము ఆ కర్మాగారమునకిచ్చిన మినహాయింపును త్రోసివేసినది. కనుక కనకమామిడి మెట్టలలో కాలనీ కట్టఁదలచినవాడు తన నీరు నిరపాయమని చూపవలెనుగాని, ఆ నీరు త్రాగువాడు తన రోగమును సాక్ష్యముగ తెచ్చుకొనవలసిన పనిలేదు. 69వ జీవో పెట్టిన షరతును షరతుగ చదివినవారికి ఈ సూత్రము అందులోనే కనబడును: నాణ్యతకు ఏ విధముగను భంగము కలుగరాదన్నపుడు, కొలువని విధమును కొలిచి చూపువఱకు ఆ షరతు తీరినట్లు కాదు.

కావున నేను కోరునది పెద్దది కాదు. శుద్ధికేంద్రపు నీటిలో కరగిన కర్బనమెంత, ఆ నీటికి క్లోరిన్ తగిలించి నిలువయుంచినచో పుట్టు ఉపోత్పన్నములెన్ని అను రెండు లెక్కలు, వాననాడొకటి, ఎండనాడొకటి, అందఱికి తెలియునట్లు వ్రాయింపుడు. ఆ లెక్క చూచిన పిదప కర్బనపు తొట్టె కట్టవలెనో, కాలనీ మానవలెనో మీరే తేల్చుకొనుడు. గింజ అరగదీయక పేరు జపించుట ఇక చాలును. ఆ కుఱ్ఱవాని బల్లమీది పుస్తకములో ఒక గడి పెరుగువఱకు, ఈ పరీవాహములో ఒక్క అంతస్తును పెరుగరాదు.